నక్షా సారు బండిలో రెండో సీటు

మొన్న పన్ను ఒకటి పీకించుకున్నాను. మనవరాలి వయసున్న డాక్టరమ్మ దాన్ని స్టీలు పళ్లెంలో టంగుమని వేసి, దూదిలో చుట్టి చెత్తబుట్టలో పడేయబోయింది. "పారేయకు బిడ్డా, ఇటియ్యి" అన్నాను. మత్తుసూది వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది. "ఏం చేసుకుంటారు ఆంటీ?" అని ఆ పిల్ల నవ్వింది. ఏం చేసుకుంటానో నాకూ తెలియదు. ఆ మాట నాది కాదు. చాలా ఏళ్ల కిందట బాన్సువాడలో ఒకాయన నోట విన్నాను. అప్పుడు ఆయన నోటి నిండా రక్తం ఉంది.

ఊరంతా ఆయనను నక్షా సారు అనేవాళ్లు. కాలువల ఆఫీసులో నక్షాలకు, అంటే పటాలకు, నకళ్లు గీసే పని ఆయనది. ఏ తూము ఎక్కడుంది, ఏ పొలానికి నీళ్లు ఎటు నుంచి పారుతాయి అనేదంతా నల్లసిరాతో గీసి గీసి చూపుడువేలు గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. పోస్టుమ్యాన్ కూడా అసలు పేరు పిలవకుండా "నక్షా సార్" అనే కేక వేసేవాడు. ఆయనా ఆ పేరుకే పలికేవాడు.

ఎనభైల మొదట్లో నాకు బాన్సువాడలో టీచరు ఉద్యోగం వచ్చింది. మాది పిట్లం. నాయిన అప్పటికే పోయాడు. అమ్మా నేనూ వచ్చి బస్టాండు వెనుక గల్లీలో ఒక పెంకుటింట్లో కిరాయికి దిగాం. ముందు రెండు గదులు మావి, వెనుక గది నక్షా సారుది, మధ్యలో వసారా ఉమ్మడి. ఆయనకు పెళ్లి కాలేదో, అయి ఆమె పోయిందో తెలుసుకుందామని అమ్మ ఎన్ని దిక్కుల నుంచో అడిగింది. ఆయన "ఉన్నది గిదే అక్కా" అని నవ్వి ఊరుకునేవాడు. మా అమ్మకు చిక్కకుండా తప్పించుకున్న మనిషిని నేను ఆయనొక్కణ్ణే చూశాను.

మేం దిగిన రోజే మా చెత్త మీద ఆయన కన్ను పడింది. అయిపోయిన పౌడరు డబ్బాను నేను వాకిట్లో విసిరేస్తే, ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చి, వంగి తీసుకుని, చొక్కాకు తుడిచి, మూత తిప్పి చూశాడు.

"పారేయకు బిడ్డా. బండికి పనికొస్తది."

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. ఎండిపోయిన పెన్నును, పలిగిన దువ్వెనను, అమ్మ కండ్లద్దాల విరిగిన కాడను, దేన్నీ పారేయనిచ్చేవాడు కాదు. మందుల షాపు ముందు, గడియారాలు బాగుచేసే దుకాణం ముందు ఆయన వంగి వెతుక్కోవడం గల్లీ వాళ్లకు అలవాటే. పెద్ద ఉద్యోగం కాకపోయినా సర్కారు ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా వేసుకుని చెత్త ఏరుకునే మనిషిని చూసి మొదట్లో అందరూ నవ్వేవాళ్లు. నవ్వినన్ని రోజులు బాగానే ఉంది.

బండి ఆయన గదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉండేది. మూరెడు పొడుగు. ఇంజక్షన్ సీసాల రబ్బరు బిరడాలే దాని చక్రాలు. పెన్నుల్లోని స్ప్రింగుల మీద ఒక్కో చక్రం దేనికదే లేచి దిగేది. అద్దాల చోట నల్లని ఎక్స్‌రే ముక్కలు. లోపలి అస్థిపంజరమంతా జొన్నబెండు. చేలో జొన్నదంటు చీల్చి, లోపలి బెండు ముక్కలకు పైబద్దలను మేకుల్లా గుచ్చి ఎడ్లబండ్లు చేసుకోని పిల్లలు మా దిక్కున ఉండరు. అందరూ పెద్దయ్యాక ఆ పని మానేశారు, ఆయన మానలేదు. మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియోలో విన్నప్పుడు పట్టుకుందట ఆ పిచ్చి.

"దిగిండ్రు, మంచిగనే ఉన్నది. దిగి నడిసిండ్రు. నడిసి ఎంత దూరం పోతరు బిడ్డా? బండి గావాలె గద" అన్నాడు. ఆయన బండి చంద్రుడికి కూడా కాదు, ఇంకా అవతలికి.

"గక్కడ ఏమున్నది సారూ?" అని అడిగింది అమ్మ.

"ఏమి లేదక్కా. గాలి లేదు, తొవ్వ లేదు. నీడ ఎంత నల్లగుంటదంటే, నీడల చెయ్యి పెడితె చెయ్యి కనబడది."

"మరి గసొంటి తావుకు ఎందుకు పోవుడు?"

ఆయన ఒక కన్ను మూసి, గడ్డం బల్లకు ఆనించి బండిని చూడటంలో పడ్డాడు. అది ఆయన అలవాటు. అట్లా చూస్తే మనం నేల మీద నిలబడ్డట్టు, బండి మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది. నాకూ చూపించాడు. నిజం చెప్తున్నాను, భయమేసింది. పౌడరు డబ్బా, బిరడాలు మాయమై, నల్లని అద్దాల వెనుక ఎవరో ఉన్నట్టు అనిపించింది. దాన్ని బొమ్మ అంటే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. "బొమ్మ అంటె పోరగాండ్లు ఆడుకునేది. గిది బండి" అనేవాడు.

ఆయన పని చేస్తుంటే చూడాలి. చిన్న చిన్న ముక్కలను అతికించాలంటే రెండు చేతులు చాలవు. కాబట్టి సూదిని, తీగముక్కను, దారం కొసను ముందరి పండ్ల మధ్య కరిచి పట్టుకునేవాడు. "గిది నా మూడో చెయ్యి" అనేవాడు. పండ్లు విప్పకుండానే తనలో తాను కొలతలు చెప్పుకునేవాడు. కిటికీ బయటి నుంచి వినేవాళ్లకు అది గుసగుసలాగా, ఏదో జపంలాగా ఉండేది. మాట ఒక్కటీ తెలిసేది కాదు.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. బండి కన్నా ముందు మనిషిని చేయాలి అనేవాడు. మనిషి ఎంత ఉంటే తలుపు అంత, సీటు అంత, మెట్టు అంత. కొవ్వొత్తి మైనంతో బొటనవేలంత మనిషిని చేసి, రంగు వేసేటప్పుడు చేతికి అంటకుండా అరికాలిలో సూది గుచ్చి, ఆ సూదిని ఆలుగడ్డలో నిలబెట్టేవాడు. బండిలో రెండు సీట్లు ఉన్నాయి. నడిపే మనిషి తయారయ్యాడు. పక్క సీటు ఖాళీ.

"రెండో సీటు ఎవరికి సారూ?" అని అడిగింది అమ్మ.

"ఇంక తెల్వదక్కా. చూడాలె" అన్నాడు ఆయన, పండ్ల నడుమ దారంతో.

అమ్మ ఆ రోజు ముభావంగా ఇంట్లోకి వచ్చింది. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు బోరింగు దగ్గర బిందె నిండేలోపల మైనపు మనిషి, అరికాలి సూది, ఖాళీ సీటు అన్నీ గల్లీకి చేరిపోయాయి.

తర్వాత వెంట్రుకల సంగతి వచ్చింది. అమ్మ తల దువ్వుకున్నప్పుడల్లా చిక్కు వెంట్రుకలను చుట్ట చుట్టి వసారా గోడ సందులో కుక్కి పెట్టేది. ఆడవాళ్లందరూ అంతే చేస్తారు. వెంట్రుకలు కొనే ఆమె గంప ఎత్తుకుని వచ్చినప్పుడు అవి ఇస్తే సూదులో పిన్నీసులో ఇచ్చిపోతుంది. ఒకరోజు గంపామె వచ్చింది, గోడ సందులో చుట్టలు లేవు. నేను నక్షా సారు గదిలోకి పోయి చూస్తే బండి నెత్తిన ఒక సన్నని స్తంభం, దాని నుంచి తోక దాకా ఈడ్చి కట్టిన తీగలు. తీగలు కావు, వెంట్రుకలు.

"గింత బండికి రాగితీగ మోకు లెక్కుంటది బిడ్డా. ఎంటికయితెనే కొలతకు సరిపోతది. గోడల పడేసినయి గదా అని తీసుకున్న" అన్నాడు. గోడ సందులో ఉన్నది ఆయన లెక్కన చెత్త. చెత్తంతా బండిదే.

మా దిక్కున చేతబడిని బాణామతి అంటారు. ఆ రోజుల్లో ఆ మాట పగటిపూట కూడా గొంతు తగ్గించి అనేవాళ్లు. మనిషి వెంట్రుకలు పరాయి చేతికి పోకూడదు. గంపామె చేతికి పోతే బేరం, పక్కగది మనిషి చేతికి పోతే బాణామతి. ఈ లెక్క ఎట్లా కుదిరిందని అమ్మను అడిగితే, "చదువుకున్నదానివి, నీకేం తెలుసు" అంది. ఆయనకు రోజూ పంపే చల్ల గిన్నె ఆ రోజు నుంచి పంపలేదు. ఆయన అడగలేదు. అడగకపోవడం కూడా అమ్మకు అనుమానమే అయింది.

అప్పుడే పక్కింటి ట్రాక్టరు పటేలు కోడలికి జబ్బు చేసింది. కొత్త కోడలు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఉన్నట్టుండి పడిపోయేది, కండ్లు తేలేసేది, పండ్లు గిట్టకరుచుకుపోయేవి. చెంచా పెట్టి విప్పినా నోరు తెరుచుకునేది కాదు. పండ్లు కరిచి గొణిగే మనిషి గోడ అవతలే ఉండగా వేరే కారణం ఎవరు వెతుకుతారు? చెరుకు బండ్లు పోయే కాలం. బండి కింద పడిన చెరుకుగడ కోసం పరుగెత్తే పిల్లలు కూడా మా ఇంటి ముందు పడిన గడను ముట్టడం మానేశారు.

నేను పోయి ఆయనకు చెప్పాను.

"సారూ, మైనం మనిషిని తీసేయండి. సూదులు దాచిపెట్టండి. ఉత్త బండి అయితే ఎవరూ ఏమీ అనరు."

"మనిషి లేకపోతె గది బండి ఎట్లయితది బిడ్డా? డబ్బా అయితది."

"వాళ్లు మిమ్మల్ని కొడతారు సారూ."

"ఎందుకు కొడతరు? నేనేం చేసిన?" అన్నాడు. మొండితనంతో అన్నది కాదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నాకు కోపం వచ్చింది. ఊరికంతా నీళ్ల తొవ్వ గీసిన మనిషికి గల్లీలో మాట ఎటు పారుతోందో తెలియదా అనిపించింది.

పటేలు మద్నూరు దిక్కు నుంచి ఒక మంత్రగాణ్ణి తెచ్చాడు. వాడు పిల్లను చూశాడు, గోడను చూశాడు, బోరింగు దగ్గరి కబుర్లన్నీ అంతకు ముందే విన్నాడు. ఒక ఆదివారం ఎండ తగ్గుతుండగా పటేలు, ఆయన కొడుకు, గల్లీ మగవాళ్లు మా వసారాలోకి వచ్చారు. బండిని, ఆలుగడ్డను బయటికి తెచ్చి నేల మీద పెట్టారు. ఆలుగడ్డ మీది మనిషిని చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ముట్టకుండ్రి, అతుకులు ఇంక ఆరలే" అన్నాడు నక్షా సారు. ఆయన భయం దాని గురించి.

మంత్రగాడు వంగి, వెంట్రుకలను వేలితో మీటాడు.

"గివి మీ కోడలివే. నోరు కట్టేసిండు. ముందరి పండ్లు తీస్తె మంత్రం పారది. పిల్లకు నోరొస్తది."

పటేలు కొడుకు ట్రాక్టరు డబ్బాలోంచి పట్కారు తెచ్చాడు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. నాతో రోజూ పిల్లల చదువుల గురించి మాట్లాడే ఇద్దరు ఆడవాళ్లే నా రెండు చేతులు పట్టుకున్నారు. "నువ్వు రాకు టీచరమ్మా, నీకు తాకుతది" అని మెల్లగా, మంచి మాటలాగానే చెప్పారు. ఆ మెత్తదనాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. నక్షా సారును స్తంభానికి ఆనించి పట్టుకున్నారు. ఆయన పెనుగులాడలేదు. చూపు బండి మీదే ఉంది, ఎవరి కాలు తగులుతుందోనని. రెండు పండ్లు పీకారు. ఆ చప్పుడు గురించి నేను రాయను.

అమ్మ బోరింగు నుంచి వచ్చింది. చంకలోని బిందెను దించి, గుంపును తోసుకుని ముందుకు పోయి, బండి ముందు గొంతుక్కూర్చుంది. వెంట్రుకలను దగ్గరగా చూసింది. లేచి పటేలు ముఖం మీదికి పోయింది.

"ఎవరివన్నవు గివి? నీ కోడలివా? నీ కోడలు నిన్న మొన్నటి పోరి. దాని నెత్తి కాటుక లెక్క నల్లగుంటది. గిండ్ల సగం తెల్లయి. కండ్లు లేవా నీకు?" కొప్పు ముడి విప్పి, ఒక పాయ గుంజి వెంట్రుకల పక్కన పెట్టింది. "గివి నావి. నా గోడలకెల్లి తీసిండు. నెల దినాలాయె నా ఎంటికలు గీ బండికి కట్టి. నాకేమయింది? పడిపోయిన్నా? పండ్లు కరుసుకున్ననా? చెప్పుండ్రి, నాకేమయింది?"

మంత్రగాడు తువ్వాల దులుపుకున్నాడు. పటేలు కొడుకు చేతిలో పట్కారు కిందికి దిగింది. ఆ పిల్లవాడు పెళ్లాం మీద ప్రేమతోనే వచ్చాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఏం చేశాడో అప్పుడే చూసుకున్నట్టున్నాడు. అరచేతిలోని పండ్లను వాకిట్లోకి విసరబోయాడు.

"పారేయకు" అన్నాడు నక్షా సారు. ముద్దగా, తడిగా వచ్చింది మాట. చెయ్యి చాపాడు. "ఇటియ్యి బిడ్డా. బండికి పనికొస్తయి."

అమ్మ మాటలకు తగ్గిన భయం ఆ ఒక్క మాటతో మళ్లీ వాళ్ల ముఖాల్లోకి వచ్చింది. పిల్లవాడు పండ్లను ఆయన చేతిలో పెట్టలేదు, కాళ్ల దగ్గర వదిలేసి వెనక్కి నడిచాడు. అందరూ వెనక్కే నడిచారు, ఆయనకు వీపు చూపించకుండా. సిగ్గుపడి పోయారని చాలా రోజులు అనుకున్నాను. కాదు, భయపడి పోయారు.

ఠాణాకు పోదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కేసు అంటె బండిని ఠాణాల పెడతరు. గక్కడ దాన్ని ఎవరు చూస్తరు?" అన్నాడు. ఆ పిల్లకు వచ్చింది ఫిట్స్ అని తర్వాత నిజామాబాద్ దవాఖానలో తేలింది. గోలీలు ఇచ్చారు, తగ్గింది. గల్లీలో మాత్రం పండ్లు పీకినందుకే తగ్గిందన్నారు. అట్లా అనుకుంటే వాళ్లకు నిద్ర పట్టేది.

ఆ తర్వాత ఆయన నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఆఫీసుకు పోయేవాడు, వచ్చేవాడు. బండి ముందు కూర్చునేవాడు, కానీ పని సాగేది కాదు. దారం కొస పట్టుకోవడానికి పెదవులు చాలవు. జారిపోయేది, మళ్లీ పట్టుకునేవాడు, మళ్లీ జారేది. నేను పట్టుకుంటానన్నాను. "నీ చెయ్యి వణుకుతది బిడ్డా" అన్నాడు. నిజమే, వణికేది. గల్లీలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, ఎవరి బర్రె పాలివ్వకపోయినా మా ఇంటి దిక్కు చూసేవాళ్లు. అందరికీ ఒకటే ఫికర్. ఆ రెండో సీటు ఎవరికి?

అమ్మ చల్ల గిన్నె మళ్లీ పంపడం మొదలుపెట్టింది. తప్పయిందని ఆయనతో ఎన్నడూ అనలేదు. మా అమ్మకు ఆ మాట రాదు. ఒక పొద్దున తానే గిన్నె తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, అక్కడే కూర్చుంది.

"సారూ, గా కాళీ సీట్ల నన్ను కూసోవెట్టు."

ఆయన తువ్వాల తీసి చూశాడు. "నీకు భయం గాదా అక్కా?"

"భయమైతది. గందుకే చెప్తున్న. గల్లీల ఒక్కొక్కరు గా సీటు తమకే అనుకుని చస్తుండ్రు. ఎవరో ఒకరు కూసుంటె తతిమ్మోళ్లు నిమ్మళమైతరు. నిన్నుగూడ ఇడిసిపెడతరు. నేనెట్లగూ ముసలిదాన్ని."

బాణామతి లేదని పిల్లలకు బడిలో పాఠం చెప్పేదాన్ని నేను. అయినా "వద్దమ్మా" అన్నాను. అమ్మ నా దిక్కు తిరగలేదు.

"ఇంట్ల గాదు సారూ, బయట చేద్దాం. అందరు చూడాలె."

బల్లను వసారా ముందరికి, గల్లీ కనిపించే చోటికి జరిపారు. ఆయన ఒక కన్ను మూసి అమ్మను కొలిచాడు. మైనం వెచ్చచేసి బొటనవేలంత ఆడమనిషిని చేశాడు. వంగిన వీపు, చెంగు, కొప్పు, అన్నీ. బండి వెనుక సామాను పెట్టే చోట అప్పటికే రెండు తెల్లని రాళ్లు ఉన్నాయి, ఆ చీకటి తావులో తవ్వి తెచ్చినవన్నట్టు. అవేమిటో నేను అడగలేదు. ఆ మైనపు మనుషుల కొలతకు అవి పెద్ద బండరాళ్లు.

కొప్పుకు అమ్మ వెంట్రుకే కావాలి. దాన్ని మైనం తల చుట్టూ చుట్టాలంటే ఒక కొసను ఎవరైనా బిగించి పట్టుకోవాలి. అమ్మ తలలోంచి ఒక తెల్ల వెంట్రుకను పీకి, ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొసను తన ముందరి పండ్ల మధ్య కరిచి పట్టుకుంది. ముఖం ముందుకు చాపి, కదలకుండా కూర్చుంది. ఆయన చుట్టసాగాడు. ఇద్దరి తలలూ బండి మీదికి వంగి ఉన్నాయి.

గల్లీలో పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. పటేలు ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ రోజు నా చేతులు పట్టుకున్న ఇద్దరిలో ఒకామె బిందె చంక మార్చుకుంటూ చాలాసేపు చూసింది. పక్కనున్న ఆమెతో అంది, గొంతు ఏమీ తగ్గించకుండానే.

"ఇగ ఇద్దరయిండ్రు."

అమ్మ విన్నది. కండ్లు ఆ దిక్కు తిరిగాయి. నోట్లో వెంట్రుక ఉంది, పండ్లు విప్పితే జారిపోతుంది. అందుకని కొసను ఇంకా గట్టిగా కరిచింది. మర్నాడు బడికి పోగానే మా పిట్లానికి బదిలీ అడుగుతూ నేను దరఖాస్తు పెట్టాను.